దగ్గలేని పిల్లకు కాపలా

శివపాక్యం పొద్దున్నే పిల్లల నోళ్ళు వాసన చూసేది.

మా తోట కింది డివిజనులో పిల్లల గది ఒకటి ఉంది. తల్లులు టీ ఆకు కొయ్యడానికి కొండ ఎక్కే ముందు పసివాళ్ళను అక్కడ దింపి వెళ్తారు. శివపాక్యం ఆ గదికి ఆయా. గుమ్మంలో నిలబడి ఒక్కొక్క బిడ్డనూ అందుకుని, ముద్దు పెట్టుకుంటున్నట్టు ముఖం దగ్గరకు తెచ్చుకుని, ఒకసారి ఊపిరి లోపలికి పీల్చేది. పాల వాసన వస్తే బిడ్డ చాప మీదికి వెళ్ళేది. రొట్టె, కొబ్బరి సంబల్ పచ్చడి వాసన వచ్చినా అంతే. స్ట్రాబెర్రీ తీపి వాసన వచ్చినప్పుడు మాత్రం ఆమె తలెత్తి తల్లి ముఖంలోకి చూసేది. ఆ తల్లి అప్పటికే బుట్ట తాడు నెత్తిన సర్దుకుంటూ కొండవైపు తిరిగి ఉండేది.

ఆ తీపి జ్వరం సిరప్పుది.

గది గోడ మీద మూడు భాషల్లో ఒక నిబంధన రాసి ఉంది: జ్వరం ఉన్న బిడ్డను చేర్చుకోరాదు. దాని అక్షరాల్లో తప్పేమీ లేదు. ఒక బిడ్డ జ్వరం పదిమందికి అంటకూడదన్న ఉద్దేశమూ సరైనదే. కానీ అదే తోటలో రాయని నిబంధన ఇంకొకటి ఉంది. రోజుకూలీ తల్లికి బిడ్డ జ్వరానికి సెలవు లేదు. పొద్దుటి హాజరుకు రాకపోతే పేరు పడదు, ఆ రోజు కూలి ఉండదు. చెప్పిన తూకం ఆకు తేకపోతే అరపేరే, అంటే సగం కూలే పడుతుంది. ఈ రెండు నిబంధనల నడుమ మిగిలిన సందు సిరప్పు సీసా మూతంత. తల్లులందరూ అందులోంచే నడిచారు. తెల్లవారుజామున ఒక మూత పట్టిస్తే బిడ్డ నుదురు చల్లబడుతుంది, గుమ్మం దాటుతుంది. ఎండ నెత్తికెక్కేసరికి మందు దిగిపోయి జ్వరం మళ్ళీ లేస్తుంది. అప్పటికి తల్లి పై కొండ మీద పొగమంచులో ఉంటుంది. సిరప్పు ఒంటి వేడిని దాస్తుందే గాని, బిడ్డ ముక్కులోంచి పక్క బిడ్డ ముక్కులోకి పోయేదాన్ని ఆపదు.

ఇది తోటలో అందరికీ తెలుసు. హాజరు వేసే కణక్కుపిళ్ళె తంగరాసుకు తెలుసు, తోట మందుల గదిలో కూర్చునే అల్ఫోన్సుకు తెలుసు. ఆ సీసాలు ఇచ్చేది అతనే. ఎవరూ ఆ మాట పైకి అనరు. అంటే దానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

శివపాక్యం ఎందుకు అనలేదో నాకు తెలుసు. ఆమె కూడా పద్నాలుగో ఏట బుట్ట నెత్తిన వేసుకున్న మనిషే. భర్త రాసయ్య కొలంబోలో ఒక హోటల్లో పరాటాలు కొట్టేవాడు. దీపావళికి వచ్చి, చేతిలో ఉన్నది అయిపోయేదాకా ఉండి, రైలెక్కేవాడు. కూతురు కమలేశ్వరి పసిదిగా ఉన్నప్పుడు ఒక వానాకాలం జ్వరం వచ్చింది. అప్పటి ఆయా నిబంధన ప్రకారం గుమ్మంలోంచే వెనక్కి పంపింది. శివపాక్యం బిడ్డను కంబళిలో చుట్టి, టీ పొదల కింద పడుకోబెట్టి, ఆకు కోసింది. సాయంత్రం కంబళి విప్పితే బిడ్డ తొడల నిండా జలగలు. కమలేశ్వరి బతికింది, ఇప్పుడు బదుళ్ళ వైపు కాపురం చేసుకుంటోంది. ఏళ్ళ తరబడి ఆకు కోసి భుజం పట్టేశాక శివపాక్యాన్ని పిల్లల గదికి మార్చారు. ఆ గుమ్మంలో తన వంతు వచ్చినప్పుడు ఆమె ఏ బిడ్డనూ వెనక్కి పంపలేదు. నేనూ ఆ చాప మీద పెరిగినదాన్నే.

విదుర్ష సంగతి వేరు.

విదుర్ష జయరూబి కూతురు. రెండేళ్ళు నిండినా మెడ నిలవలేదు. నెలలు నిండకుండా, పుట్టగానే ఏడవకుండా పుట్టిన పిల్ల. చేతులు బిగుసుకుని ఉండేవి, కళ్ళు మాత్రం మనిషి ఎటు నడిస్తే అటు తిరిగేవి. నవ్వేది. గొంతులోకి నీళ్ళు వెళ్తే ఎటు పోవాలో వాటికి తెలిసేది కాదు. అటువంటి పిల్ల బాధ్యత పిల్లల గదికి లేదని తోట సంక్షేమ అధికారి చెప్పాడు. రూబి మొగుడు సత్యశీలన్ కొలంబోలో మేస్త్రీ పని చేస్తాడు. కూలీలకు వరుసగా కట్టిన లైను ఇంట్లో వాళ్ళకు ఒకటే గది, అందులోనే పొయ్యి, దాని చుట్టూ అత్త, మామ, మరిది, ఆడబిడ్డ. మామకు ఏడాది పొడవునా దగ్గు. రూబి కొండెక్కకపోతే ఆ గదిలో అన్నం ఉడకదు. శివపాక్యం ఆ అధికారి ముందే పిల్లను చంకనెత్తుకుంది.

“మిగతావాళ్ళు పరిగెడతారయ్యా, వెతుక్కోలేక చస్తున్నా. ఇదైతే పెట్టినచోటే ఉంటుంది. నాకు ఇట్లాంటివాళ్ళే పదిమంది కావాలి,” అంది.

ఆయన నవ్వాడు. నవ్వినవాడు కాదనలేడు గనుక పిల్ల గదిలో నిలిచింది. ఆ నాటి నుంచి శివపాక్యం దాన్ని గోడకు రెండు దిండ్లు వేసి నిటారుగా కూర్చోబెట్టి, చెంచా చివరతో, ఒక్కొక్క గుటక దిగేదాకా చూస్తూ తినిపించేది. ఒక బిడ్డకు గంజి పట్టడానికి అంతసేపు పడితే మిగతా గది అల్లరి అల్లరయ్యేది. ఆమె తిరిగి చూడకుండానే కేకలు వేస్తూ ఉండేది.

జూన్ వానలు పట్టాక ప్రభుత్వ మంత్రసాని నీలంతి మిస్సీ పిల్లల బరువు చూడడానికి వచ్చింది. సింహళావిడ, మా తమిళం ఆగి ఆగి మాట్లాడుతుంది గాని ఏదీ వదిలిపెట్టదు. ఈసారి కొండల మీద ఫ్లూ గట్టిగా ఉందని, కింద ఆసుపత్రిలో పిల్లల వార్డు నిండిపోయిందని చెప్పింది. చాలామంది పిల్లలకు అది నాలుగు రోజుల జ్వరం, తగ్గిపోతుంది. కొందరికి తగ్గదు. ఆ కొందరు ఎవరో ముందే తెలుసుకోవచ్చునని, గదిలో తిరుగుతూ ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి చూపించింది. రెండేళ్ళలోపు వాళ్ళు, ఆర్నెల్లలోపు వాళ్ళు మరీనూ. నెలలు తక్కువగా, బరువు తక్కువగా పుట్టినవాళ్ళు. పిల్లికూతలతో ఊపిరి తీసే అన్నలక్ష్మి మనవడు. గుండెలో రంధ్రం ఉందన్న పై లైను పిల్ల. ఇంట్లో పొయ్యి పొగ పీల్చేవాళ్ళు, అంటే అందరూ. చివరకు విదుర్ష ముందు గొంతుక్కూర్చుని దాని గడ్డం ఎత్తి పట్టుకుంది.

“ఈ పాప దగ్గుతుందా?”

శివపాక్యం ఆలోచించింది. “లేదు మిస్సీ. మంచి పిల్ల. ఎప్పుడూ దగ్గదు.”

“అది మంచి కాదు. దగ్గడానికి బలం లేదు. నీకు, నాకు గొంతులో కఫం వస్తే దగ్గి బయటికి తోస్తాం. ఈ పాపకు అది లోపలికే పోతుంది. ఈ గదిలో అందరికంటే ఈ పాపకు భయం. ఎవరికైనా జ్వరం అంటే ఈ పాపను దూరం పెట్టు.”

“ఎంత దూరం?”

నీలంతి మిస్సీ గది చుట్టూ చూసింది. ఈ గోడ నుంచి ఆ గోడకు చాపలే చాపలు.

ఆనాటి నుంచి శివపాక్యానికి నిద్ర సరిగ్గా లేదు. అంతవరకు తల్లి ముఖం చూడడానికి పనికివచ్చిన వాసన ఇప్పుడు ఆమెను వెంటాడింది. గుమ్మంలో తీపి తగిలినప్పుడల్లా ఆమె కళ్ళు విదుర్ష ఉన్న మూలకు పోయేవి. ఆ బిడ్డను ఎదురు గోడకు పంపేది. వేరే చెంచా, వేరే గిన్నె. ఒక తల్లి చూసి, “ఏం పెద్దమ్మా, మా వాడు అంటరానివాడా?” అంటే, “నీ వాడు కాదే, నీ సీసా,” అంది. అయినా చంటిపిల్లలకు గోడలేం తెలుసు? అంజలై కొడుకు కవిషన్‌కు కొత్తగా నడక వచ్చింది. ముక్కు కారుతూ, కళ్ళు మెరుస్తూ, నోట్లో తీపి వాసనతో వచ్చిన రోజున వాడు గది అంతా దాటి, తన నోట్లోని బిస్కెట్టు తీసి విదుర్ష నోట్లో పెట్టాడు. శివపాక్యం పరుగెత్తుకు వెళ్ళి లాగేసింది. విదుర్ష నవ్వుతోంది. దానికి ఎవరైనా దగ్గరకొస్తే నవ్వే.

ఆ తర్వాత ఆమె రోజూ రూబి రాక కోసం ఎదురుచూసేది. పిల్లను అందుకుని ముందుగా వాసన చూసేది. గంజి వాసన. మర్నాడూ గంజి వాసనే. ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంది.

మరుసటి పొద్దున విదుర్ష నోటి దగ్గర తీపి తగిలింది.

శివపాక్యం పిల్లను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రూబి వెనక్కి తిరగబోయి ఆగింది.

“మా అత్త పట్టింది పెద్దమ్మా. పళ్ళొస్తున్నాయని.”

“పళ్ళా?”

“పళ్ళే. జ్వరం లేదు, ముట్టుకుని చూడు.”

నుదురు చల్లగానే ఉంది. వానలకు ఆకు ముమ్మరంగా వచ్చిన రోజులవి. ముందు వారం మామను మందుల గదికి తీసుకుపోయి ఒక పూట తప్పినందుకు, ఈసారి తప్పితే బరువు తక్కువ వచ్చే పై కొండకు వేస్తానని తంగరాసు రూబితో అందరిముందూ అన్నాడు. శివపాక్యం ఆ మాట విన్నది. పిల్లను లోపలికి తీసుకుంది.

ఇక్కడ నేను ఆమెను కాపాడదలచుకోలేదు. తెలియక చేసిన పని కాదిది. ఎవరి గురించి హెచ్చరించారో ఆ పిల్లే, ఏ వాసన కోసం కాచుకుని ఉందో ఆ వాసనే. అయినా అలవాటు చెయ్యి చాచి పిల్లను అందుకుంది. ఇన్నేళ్ళు ఆ గుమ్మంలో దయ అన్న పేరుతో జరిగింది, ఆ రోజూ దయగానే జరిగింది. తోట యాజమాన్యానికి అంతకంటే చవకైన ఏర్పాటు ఇంకొకటి లేదు: సెలవు ఇవ్వాల్సిన చోట ఒక ముసలి ఆయా జాలి చాలింది.

ఆ రోజంతా ఆమె విదుర్షను ఒళ్ళోంచి దించలేదు. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలింది. తడిగుడ్డతో తుడిచింది. సాయంత్రం రూబి వస్తే, అల్ఫోన్సు దగ్గరికి ఇప్పుడే తీసుకుపొమ్మని చెప్పింది. అల్ఫోన్సు గుండెకు గొట్టం పెట్టి చూసి, ఈ వానలకు అందరికీ ఉన్నదేనని అదే సిరప్పు ఇంకో సీసా ఇచ్చాడట. ఇంటికి తీసుకువెళ్ళాక అత్త చలి తగలకూడదని పిల్లను పొయ్యి పక్కన పడుకోబెట్టింది. ధనియాలు, అల్లం మరిగించి కషాయం చేసింది. మా లైనులో ప్రతి పిల్లకూ జలుబుకు అదే పడుతుంది, ప్రతి పిల్లా తాగి దుప్పటి కప్పుకుంటుంది. విదుర్షకు కూడా వెల్లకిలా పట్టుకుని పట్టారు. కారినంత కారింది. కారనిది ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

తెల్లవారి రూబి మళ్ళీ గుమ్మంలో నిలబడింది. ఈసారి తీపి వాసన అడుగు దూరం నుంచే తగిలింది. నుదురు చల్లగా ఉంది. విదుర్ష కళ్ళు శివపాక్యం వెంట తిరగలేదు.

శివపాక్యం గుమ్మం మీదే కూర్చుని కంబళి విప్పింది, చొక్కా పైకెత్తింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య తోలు లోపలికి గుంట పడుతోంది. ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. పెదవుల చుట్టూ రంగు మాసింది. దగ్గు లేదు. అంతటి ఇబ్బందిలోనూ ఒక్క దగ్గు లేదు.

“జ్వరం తగ్గింది కదా పెద్దమ్మా,” అంది రూబి. ఆమె నిజంగానే అలా అనుకుంది.

“బుట్ట దించు.”

“హాజరుకి...”

“దించవే.”

తోట వాహనం కావాలంటే ఆఫీసులో దొర సంతకం ఉండాలి. దొర వచ్చే వేళ కాలేదు. రోడ్డు మీద ముందురోజు చివరి ఆకుతో ఫ్యాక్టరీకి పోతున్న లారీ మలుపు తిరిగింది. శివపాక్యం పిల్లనెత్తుకుని రోడ్డు మధ్య నిలబడింది. డ్రైవరు సుగత్ బ్రేకు వేసి కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఆకు లారీని దారి మళ్ళిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. ఆకు మగ్గిపోతే తన తోలు వలుస్తారని అతను మొత్తుకున్నాడు.

“వలిస్తే వలవనీ. నీ తోలు దళసరే,” అంది శివపాక్యం, తలుపు తీసి ఎక్కుతూ.

సుగత్ పిల్లను చూశాడు. లారీని కింది రోడ్డుకు తిప్పాడు. మలుపు దగ్గర, రూబి ఏడుస్తుంటే ఆపడానికో ఏమో, “ఆకు మీద కూర్చోబెట్టకండమ్మా, దొర టీలో ఉచ్చ వాసనొస్తుంది,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. లారీ హట్టన్ రోడ్డు దిగింది.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. సింహళంలో అడుగుతుంటే మేరీ స్టెల్లా అనే నర్సు మా భాషలోకి మార్చి అడిగింది. పిల్ల ముక్కుకు అప్పటికే ఆక్సిజన్ గొట్టం తగిలించారు. జ్వరం ఎప్పుడు మొదలైందన్నది మొదటి ప్రశ్న.

“ఈ రోజు పొద్దున,” అంది రూబి.

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. ఆ గుమ్మంలో ఇన్నాళ్ళుగా ఆ ప్రశ్నకు నాలుక నేర్చుకున్న జవాబు అది. పొద్దున్నే మొదలైన జ్వరానికి ఎవరూ ఏమీ అనరు.

డాక్టరు రాసుకుంది. ఏమైనా మందు ఇచ్చారా అని అడిగింది. లేదంది రూబి. డాక్టరు అదీ రాసుకోబోయింది. శివపాక్యం గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. నోరు మూసుకుంటే రూబి మంచి తల్లిగా ఉంటుంది, తాను మంచి ఆయాగా ఉంటుంది. ఇంకో మూడేళ్ళు గడిస్తే పని నుంచి మర్యాదగా దిగిపోతుంది.

“అబద్ధం మిస్సీ,” అంది.

నర్సు తలెత్తింది.

“నిన్న పొద్దునే ఉంది. సిరప్పు పట్టి తెచ్చింది. నోరు వాసన చూస్తే నాకు తెలిసింది. తెలిసే చేర్చుకున్నాను.”

“నువ్వెవరు, అమ్మమ్మవా?”

“పిల్లల గది ఆయాను.”

“ఆయావై ఉండి...” అని నర్సు ఆగిపోయింది. ఆయా ఏమంటోందని డాక్టరు అడుగుతుంటే సింహళంలో చెప్పింది. శివపాక్యం రూబి వైపు తిరిగింది. “చెప్పవే. నన్ను తర్వాత తిట్టుకో. ముందు చెప్పు.”

అప్పుడు రూబి చెప్పింది. జ్వరం మొన్న రాత్రి నుంచే ఉందని, సిరప్పు ఒకసారి కాదని, రాత్రి రెండు మూతలు, తెల్లవారి రెండు మూతలు పట్టానని, పొయ్యి పక్కన పడుకోబెట్టారని, కషాయం పట్టారని. ప్రతి మాటకూ డాక్టరు రాసినదాని మీద గీత గీసి మళ్ళీ రాసింది.

ఆమె కోప్పడలేదు. ఫ్లూని అణిచే మందు ఒకటుందని, అది ఎంత త్వరగా పడితే అంత పని చేస్తుందని, ఈ పిల్లలాంటి పిల్లకు పరీక్ష ఫలితం కోసం కూడా ఆగకుండా వెంటనే మొదలుపెడతానని చెప్పింది. సిరప్పు ఎంత పడిందో తెలిసింది గనుక ఇంకాస్త పట్టకుండా కాలేయానికి పరీక్ష చేయిస్తానంది. కషాయం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుంది గనుక నోటితో ఇక చుక్క నీళ్ళు కూడా వద్దని, ముక్కులోంచి గొట్టం వేస్తామని చెప్పింది. ఈ మూడింటిలో చివరి రెండూ ‘ఈ రోజు పొద్దున’ అన్న జవాబు మీద జరిగి ఉండేవి కావు. చివరకు, బతుకుతుందా అని రూబి అడిగింది. డాక్టరు దానికి మాత్రం, పక్కనే ఉంటానంది.

వార్డులోకి ఒక్కరినే రానిస్తారు. రూబి లోపల ఉంటే శివపాక్యం వరండాలో, శివపాక్యం లోపల ఉంటే రూబి వరండాలో. మార్చుకునే చోట, తలుపు దగ్గర, ఇద్దరూ ఎదురుపడేవారు. మొదట్లో రూబి ముఖం తిప్పుకుని పోయేది. ఒకసారి ఆగి, “అందరి ముందూ నా పరువు తీశావు పెద్దమ్మా,” అంది.

“తీశాను. నాది కూడా తీసుకున్నాను. పో, గొట్టంలో పాలు పోసే వేళయింది.”

యంత్రం తెర మీద అంకెలు దిగుతుంటే గంట మోగేది. ఆ గంటకు అలవాటు పడడం ఇద్దరికీ చేతకాలేదు. పక్క మంచాల పిల్లలు వచ్చారు, జ్వరం దిగి ఇళ్ళకు పోయారు. అంజలై కొడుకు కవిషన్ ఎప్పుడో తగ్గి మళ్ళీ గది అంతా పరిగెడుతున్నాడని కబురొచ్చింది. ఒకటే జబ్బు. వాడికి ముక్కు కారడంతో పోయింది. శివపాక్యం ఆ కబురు విని సంతోషించింది, సంతోషిస్తూనే తలుపు అద్దంలోంచి లోపలికి చూసింది. చాలా రోజుల తర్వాత ఒక ఉదయం నర్సు గొట్టంతో గొంతులో కఫం లాగుతుంటే విదుర్ష కళ్ళు తెరుచుకుని, నర్సు చెయ్యి ఎటు కదిలితే అటు తిరిగాయి. రూబి వరండాలోకి వచ్చి శివపాక్యం పక్కన కూర్చుంది. భుజం భుజానికి తగిలేంత దగ్గరగా కూర్చుంది.

తోటలో శివపాక్యం మీద విచారణ జరిగింది. ఆరోపణలు రెండు: జ్వరం ఉందని తెలిసీ బిడ్డను చేర్చుకోవడం, ఆకు లారీని దారి మళ్ళించడం. తోట కార్మిక సంఘం మనిషినని ఆమె తరఫున పక్కన కూర్చోవడానికి నన్ను అనుమతించారు. సెలవు ఇవ్వని నిబంధన అమల్లో ఉండగా చేర్చుకోరాదన్న నిబంధనను ఎవరు పాటించగలరన్న వాదన నేను సిద్ధం చేసుకుని వెళ్ళాను. దాన్ని వినిపించాను. అది విచారణ పరిధిలోకి రాదన్నారు. తరువాత అధికారి శివపాక్యాన్ని, ఇలా తెలిసి చేర్చుకోవడం ఎన్నిసార్లు జరిగిందని అడిగాడు. నేను అభ్యంతరం చెప్పేలోపే ఆమె జవాబిచ్చింది.

“రోజూ.”

ఆ ఒక్క మాట రాసుకుని ముగించారు. మీకందరికీ తెలిసిందే కదా అని ఆమె తంగరాసు వైపు చూసింది. అది రాసుకోలేదు. ఆమెను ఆ పని నుంచి దించారు. కొత్తగా ఒక అమ్మాయిని వేసి, నుదుటికి చూపితే వేడి చెప్పే పరికరం ఒకటి చేతికిచ్చారు. పొద్దున్నే సిరప్పుతో చల్లబడ్డ నుదుళ్ళు ఒక్కొక్కటే దాని ముందు నుంచి ఆకుపచ్చ దీపంతో లోపలికి వెళ్తున్నాయి. తల్లులకు సెలవు గురించి నేను ఇచ్చిన అర్జీకి నేటికీ జవాబు లేదు. నేను వదిలిపెట్టలేదు.

విదుర్ష బతికి వచ్చింది గాని మునుపటికంటే సన్నగా వచ్చింది. పొగ వద్దన్నారు. ఒంట్లో బాగోలేని మనిషి దగ్గరకు రాకూడదన్నారు. కూర్చోబెట్టి తినిపించాలి, చేతిని దోనెలా వంచి వీపు తట్టి కఫం కదిలించాలి. రూబి ఉండే గదిలో ఇందులో ఒక్కటీ జరిగే పని కాదు. పగలు పిల్లను తన దగ్గరే ఉంచుకోవడానికి శివపాక్యం తన గదిలో పొయ్యి పగలగొట్టింది. వెనక కాలువ పక్కన నాలుగు కర్రలు పాతి, రేకు వేసి, అక్కడ మూడు రాళ్ళు పెట్టుకుంది. వానకు రేకు కింద తడుస్తూ వండుతుంటే లైనంతా నవ్వింది. “శివపాక్యం దొరసాని బయట భోజనానికి వెళ్ళింది,” అని అన్నలక్ష్మి రోజూ అరిచేది. నవ్విన అన్నలక్ష్మే ఒకనాడు పిల్లికూతల మనవడిని తెచ్చి, పొగ లేని గదిలో వాణ్ణీ కాసేపు కూర్చోబెట్టుకొమ్మని అడిగింది. శివపాక్యం ముందు వాడి నోరు వాసన చూసింది.

ఈ ఏడు మళ్ళీ వానలు పట్టాయి. లైనులో దగ్గులు మొదలయ్యాయి. శివపాక్యం గది తలుపు కింది సగం ఎప్పుడూ మూసే ఉంటుంది. లోపల విదుర్ష దిండ్ల మధ్య కూర్చుని ఉంటుంది. రూబి సాయంత్రం ఆకు తూచి, చేతులు కడుక్కుని, పిల్లను తీసుకుపోవడానికి వస్తుంది. మొన్న అలాగే వచ్చింది. నేను ఎదురు గుమ్మంలో ఉన్నాను. ఆమె తలుపు సగం మీద చెయ్యి వేసింది.

శివపాక్యం లోపలి నుంచే ఆమె ముఖం చూసింది. “ఏమైంది?”

“ఏం లేదు పెద్దమ్మా. చలి.”

శివపాక్యం గడియ తియ్యలేదు. రూబి తలుపు మీంచి చెయ్యి తీసింది.

“నిన్న రాత్రి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. పొద్దున మాత్ర వేసుకుని ఎక్కాను.”

“అయితే ఇవాళ ఇక్కడే పడుకుంటుంది. నువ్వు తగ్గేదాకా రాకు.”

“తగ్గేదాకా అంటే?”

“తగ్గేదాకా.”

“దూరం నుంచి చూస్తా. గాలి అటు పోదు, చూడు.”

“కొంచెం దూరం జరుగు, చూడు.”

రూబి వెనక్కి జరిగి, గుమ్మం ముందు కాలువ దాటి, అవతలి మెట్టు మీద కూర్చుంది. శివపాక్యం విదుర్షను తలుపు సగం మీదికి కనబడేలా ఎత్తి పట్టుకుంది. పిల్ల కళ్ళు తల్లిని వెతికి పట్టుకున్నాయి. నవ్వింది. ఆ నవ్వుతో పాటే గొంతులో ఏదో గురగురమంది. ఇద్దరూ కదలడం మానేసి విన్నారు. శివపాక్యం పిల్లను భుజం మీదికి వంచుకుని, చేతిని దోనెలా వంచి, వీపు తట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఆగకుండా లైనంతా వినబడుతోంది. అవతలి మెట్టు మీద రూబికి దగ్గు తన్నుకొచ్చింది. తలగుడ్డ తీసి నోటికి గట్టిగా అదుముకుని, ముఖం అవతలికి తిప్పుకుని, ఆ తట్టే చప్పుడు ఆగకూడదని వింటూ కూర్చుంది.